నల్ల టేపు వేసిన రేడియో

సోమవారం నాడు చైత్ర చెయ్యవలసిన పనులు ఇవి. కొళాయి వచ్చే రోజు కాబట్టి తెల్లారేలోపల డ్రమ్ములు నింపడం. అప్ప, అంటే ఆమె నాన్న, బెంగళూరు రైలుకు పరిగెత్తకముందే ఆయన డబ్బాలో రాగిముద్ద, చారు సర్దడం. అవ్వ చేత మాత్రలు మింగించడం. కాలేజీలో చెన్నరాయప్ప సార్‌ను అడిగి ల్యాబ్ తాళం తీసుకోవడం. రెండు రేడియోలకూ యాంటెనాలు బిగించడం. నల్ల టేపు వేసిన రేడియో నిజంగా చచ్చిందో, బతికే ఉందో తేల్చుకోవడం. అన్నిటికన్నా ముఖ్యం, శుక్రవారం లోపల ఒక్క ప్యాకెట్టయినా అవతలి పెట్టెకు చేరేట్టు చూడడం.

మొదటి మూడు పనులూ ఎప్పటిలాగే అయిపోయాయి. సంచి భుజాన వేసుకుని ఆమె గడప దాటగానే అవ్వ నరసమ్మ తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. బంగారు గనుల కూలీల కోసం వరసగా కట్టిన చాంపియన్ రీఫ్స్ లైను ఇళ్లలో అదొక పద్ధతి. ఇంటి మనిషి పనికి బయల్దేరితే, లైను మూల తిరిగి కనుమరుగయ్యేదాకా తలుపు వెయ్యరు. గనులు నడిచిన కాలంలో, షిఫ్టుకు పోయే భర్త సుబ్బరాయప్ప వెనకాల నరసమ్మ అలాగే నిలబడేది. గనులు మూతపడ్డాయి, సుబ్బరాయప్ప పోయాడు, పద్ధతి మాత్రం ఉండిపోయింది.

"ఎండ పడతా ఉండాది అవ్వా, లోపలికి పో," అంది చైత్ర వెనక్కి తిరిగి.

"నీ దారి నువ్వు చూసుకోమ్మే. నా తలుపు నా ఇష్టం."

కాలేజీ ల్యాబ్‌లో ఉన్నవి రెండే రేడియోలు. పాటలు పాడేవి కావు. అరచేతికన్నా కాస్త పెద్దవైన తెల్ల పెట్టెలు. ఏ పని చెయ్యాలో పక్కనున్న కంప్యూటర్ చెప్తే ఆ పని చేస్తాయి. ఒకటి మాటను ప్యాకెట్‌గా మూటగట్టి గాల్లోకి వదలాలి, రెండోది దాన్ని పట్టుకుని విప్పాలి. చైత్ర, ఉమేశ్ కలిసి చేస్తున్న చివరి ఏడాది ప్రాజెక్టు ఇంతే. వినడానికి చిన్న పనే. కానీ నెల రోజులుగా కిందా మీదా పడుతున్నా ఒక్క ప్యాకెట్టూ అందలేదు.

అందుకునే రేడియో నెత్తిన నల్ల టేపు అతికించి ఉంది. దాని మీద తెల్ల ఇంకుతో ఇంగ్లీషులో రెండే మాటలు: కాలిపోయింది, నయన.

"ఆ పెట్టె కాలిపోయిందని రాసి పెట్టినాను కదమ్మా," అన్నాడు చెన్నరాయప్ప సార్, తాళం వేలికి తగిలించుకుని తిప్పుతూ. "రెండేళ్ల కింద మాస్తి ఊరి పిల్ల ఒకతి, నయన అని, సిగ్నల్ తగ్గించే ముక్క మధ్యలో పెట్టకుండా వైరు నేరుగా తగిలించేసింది. సుమ్మనే, ఊరికే ఎందుకు తిప్పలు? కంప్యూటర్లోనే ఆ పక్క ఈ పక్క కలిపేసి రిపోర్టు ఇచ్చేయండి. అందరూ చేసేది అదే కదా."

"గాల్లో పంపి చూపిస్తామని రాసిచ్చినాము సార్."

"ఓ, రాసిచ్చినారా? సరి. శుక్రవారం బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తాడు. ఆయన ముందర ప్యాకెట్ వస్తే మార్కులు. రాకపోతే ఈ ఏడు మీకు ప్రాజెక్టు లేదు." ఆయన తాళం బల్ల మీద పెట్టాడు. "ఇంగ ఆ బాగుండే రేడియో కూడా పోగొట్టినారనుకో, టేపు నా దగ్గర చానా ఉండాది. పేర్లు రాసేకి ఇంకూ ఉండాది."

నవ్వుతూనే అన్నాడు. పోయేముందు గోడ వైపు వేలు చూపించాడు. అక్కడ అట్ట మీద పెద్ద అక్షరాలతో ఒక రూలు ఉంది: ప్యాకెట్ పంపగానే ట్రాన్స్‌మిటర్‌ను వెంటనే ఆపవలెను.

ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ లేదు. ఆ ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి చైత్ర. పట్టా చేతికి రాకుండా రేడియో కాల్చిన పిల్లని పేరు తెచ్చుకుని లైను ఇంటికి పోవడం ఎలా ఉంటుందో ఆమె ఊహించబోయి, మానుకుంది. స్పానర్ తీసుకుని యాంటెనా బిగించడం మొదలుపెట్టింది.

ఉమేశ్ పెట్టె చుట్టూ తిరిగి చూశాడు. టేకల్ దగ్గర మామిడితోటల వాళ్ల పిల్లవాడు. వాడికి ప్రపంచంలోని ప్రతిదీ సంతలోంచి వచ్చినట్టే ఉంటుంది.

"మా అప్ప ఎద్దుని కొనేముందు నోరు తెరిచి పండ్లు చూస్తాడు. దీనికి యాడ చూడాల?"

"ముందు అరుస్తాదో లేదో చూడు. ఆ పక్క నుంచి ఉత్త స్వరం ఒకటి పంపు. మాటా వద్దు, మూటా వద్దు."

ఉమేశ్ పంపాడు. చైత్ర తన కంప్యూటర్ మీదికి వంగింది. తెర మీద నీలం రంగు సన్నటి వాన పడుతున్నట్టు పైనుంచి కిందికి జారుతోంది. ఆ నీలంలో నిటారుగా ఒక పసుప్పచ్చ గీత దిగింది.

"ఆపు."

గీత తెగిపోయింది.

"మళ్లీ పంపు."

మళ్లీ దిగింది. ఆమె ఇంకా నాలుగైదు సార్లు ఆపించి, పంపించి చూసింది. చివరికి టేపు మీది పేరును వేలితో ఒకసారి తాకింది.

"ఉమేశా, దీనికి చెవులు బాగానే ఉండాయి. ఇది కాలలేదు."

"కాలకపోతే మూట ఎందుకు పట్టుకోదు?"

మంగళవారమంతా దానికి జవాబు వెతకడంలోనే పోయింది. మొదట, గీత ఉండవలసిన చోట లేదని పట్టుకుంది. కొంచెం కుడికి జరిగి ఉంది. రెండు రేడియోల్లో రెండు గడియారాలు, ఒకటి కాస్త తొందర మనిషి, ఇంకొకటి నిదానం. ఆ తేడా ఎంతో కొలిచి ప్రోగ్రాములో సరిచేసింది. తర్వాత, పక్కపక్కనే ఉన్న రేడియోలు చెవిలో అరుచుకుంటున్నాయని తెలిసింది. తెర మీద గుండ్రంగా ఉండవలసిన అలల నెత్తులు కత్తితో కోసినట్టు చదునుగా ఉన్నాయి. ఉమేశ్ ఒక బల్లను గది చివరికి లాక్కుపోయాడు. ఆమె సిగ్నల్ బలం తగ్గిస్తూ పోయింది. అలలు గుండ్రంగా తేలాయి. అన్నీ సరిగానే ఉన్నాయి. ఒక మాట టైపు చేసి, పంపి, గోడ మీది రూలు ప్రకారం వెంటనే ఆపింది. అవతల ప్యాకెట్ పడవలసిన కిటికీ ఖాళీ. మళ్లీ పంపింది, ఆపింది. ఖాళీ. గది కిటికీలోంచి వచ్చే గాలిలో, గనుల వ్యర్థాలు పోసిన సైనైడ్ దిబ్బల దుమ్ము ఉంది. ఆమె చున్నీతో రెండు పెట్టెలనూ తుడిచి, మళ్లీ మొదలుపెట్టింది.

సాయంత్రం తాళం వేస్తూ అంది: "రేపు మాస్తికి పోదాం."

"మాస్తిలో ఏముండాది?"

"నయన ఉండాది. ఆయక్కకి ఏం జరిగిందో మనకీ అదే జరగతా ఉండాది. అడిగితే పోలా?"

"రెండు రోజులే ఉండాయి చైత్రా. సంతకి పోయే రోజా ఇది?"

"ఈడ కూచోని ఖాళీ కిటికీని చూసే బదులు అది మేలు."

బుధవారం పొద్దున ఉమేశ్ బండి మీద పోయారు. నయన ఇల్లు చెప్పడానికి ఊళ్లో ఎవరూ తడుముకోలేదు. "రేడియో కాల్చి వచ్చిందే, ఆ పిల్లేనా?" అన్నాడు అంగడి అరుగు మీద కూర్చున్న ముసలాయన. నల్ల టేపు మీది మాట కాలేజీ దాటి, ఇక్కడిదాకా వచ్చి కూర్చుంది.

ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు. పురుగులు గూళ్లు కట్టే పెద్ద వెదురు చంద్రిక ముందు ఒక అమ్మాయి పీట వేసుకుని కూర్చుని, అల్లికల సందుల్లోంచి గూళ్లు తీస్తోంది. బొటనవేలితో అదిమి చిన్న మెలి తిప్పితే గూడు ఊడి వస్తోంది. మచ్చ ఉన్నది ఒక బుట్టలోకి, తెల్లటిది ఇంకో బుట్టలోకి.

"చేతులు కడుక్కోకుండా లోపలికి రావద్దండి. పురుగులకి జబ్బు వస్తాది," అంది తలెత్తకుండా.

చేతులు కడుక్కుని వచ్చాక ఉమేశ్ కాలేజీ పేరు చెప్పాడు. ఆమె వేళ్లు ఆగలేదు.

"ఏం, ఇంగొకటి కూడా నేనే కాల్చినానా?"

"లేదక్కా," అంది చైత్ర. "ఆ మొదటిదే కాలలేదు."

అప్పుడు ఆగాయి వేళ్లు. చైత్ర ఫోను చూపించింది. నీలం తెర, నడుమ పసుపు గీత, పక్కనే నల్ల టేపు పెట్టె. నయన చేతులు తుడుచుకుని ఫోను తీసుకుని, వెలుగు కోసం గుమ్మం దగ్గరికి పోయి నిలబడింది.

"ఇది ఏ రిసీవరు?"

"నీ పేరుండేదే అక్కా."

నయన ఫోను తిరిగిచ్చి వచ్చి పీట మీద కూర్చుంది. ఒక గూడు తీసి, ఏ బుట్టలో వెయ్యాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకుంది.

"వైరు తగిలించలేదని మొదట గట్టిగానే చెప్పినాను. సార్ మా అప్పని పిలిపించినాడు. అప్ప చేతులు కట్టుకోని నిలబడి, తెలియక చేసింది సార్, వదిలేయండి అన్నాడు. అప్పట్నుంచి నాకే అనుమానం. తగిలించే ఉంటానేమో, మరిచిపోయుంటానేమో అని. కండ్లు మూసుకుంటే ఆ వైరు నా చేతిలో ఉండేట్టే కనబడతాది. ఇంగ ఏ మొగం పెట్టుకోని పరీక్షలకి పోయేది?"

ఉమేశ్ నేల చూపులు చూశాడు. చైత్ర పీటకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది.

"ఎట్లా పంపినావో ఒక్కొక్క పనీ చెప్పక్కా."

"గోడ మీద రాసుండేట్టే. టైపు చేసినాను, పంపినాను, ఆపేసినాను. ఒక్కటంటే ఒక్కటి రాలే." ఆమె గొంతులో పాత కోపం లేచింది. "మాకు ముందు బ్యాచ్‌లో మునేష్ అని ఉండె. ఆ తుంటరోళ్లు మీట నొక్కేసి టీకి పోతా ఉండ్రి. ఒకే మాట మళ్లీ మళ్లీ పోతానే ఉండె. వాళ్లు బన్ను తిని తిరిగొచ్చేటప్పటికి తెర నిండా ప్యాకెట్లు! రూలు మీరినోళ్లకి వచ్చింది. నేను చెప్పినమాట విన్నాను, నాకు రాలే. అదృష్టం అంటారే, అది."

తిరుగుదారిలో టేకల్ దాటాక చైత్ర ఉమేశ్ భుజం తట్టింది.

"అదృష్టం కాదు."

"ఏంది?"

"ఆపనోళ్లకి వచ్చింది, ఆపినోళ్లకి రాలేదు. అది అదృష్టం కాదప్పా. బండి బేగ పోనీ."

గురువారం ఆమె ముందుగా చేసిన పని, తనిఖీని తీసెయ్యడం. ప్రతి ప్యాకెట్టు చివరా, మాట చెదరకుండా వచ్చిందో లేదో తేల్చే ఒక లెక్క ముడి ఉంటుంది. ముడి సరిపోకపోతే, అందుకునే రేడియో లోపల ఏముందో చూపించకుండా, వచ్చిందని కూడా చెప్పకుండా మూటను పారేస్తుంది. ఇన్నాళ్లూ ఖాళీగా కనబడిన కిటికీ నిజంగా ఖాళీయో, లేక పారేసిన మూటల వల్ల ఖాళీయో తెలియాలి.

"విరిగిందైనా సరే, వచ్చింది వచ్చినట్టు చూపించు," అని రేడియోతోనే చెప్పినట్టు గొణిగి, ఉమేశ్‌కు సైగ చేసింది.

ఉమేశ్ ఎప్పుడూ పంపే మాటే పంపాడు. పంపి, ఆపాడు.

నెల రోజుల్లో మొదటిసారి కిటికీలో అక్షరాలు పడ్డాయి. చాంపియన్ రీ. ఆ తర్వాత అర్థంలేని గుర్తులు.

"వచ్చె!" అని ఉమేశ్ కుర్చీ తన్నేసి పరిగెత్తుకొచ్చాడు. "వచ్చె చైత్రా! తోక తెగిపోయి వచ్చె."

"మళ్లీ పంపు."

చాంపియన్ రీ. మళ్లీ పంపాడు. చాంపియన్ రీ. బల్ల జరిపి చూశారు, కిటికీ తలుపులు మూసి చూశారు. అక్కడికే వచ్చి తెగుతోంది.

"గాలిలో పోయేదుంటే ఒగసారి తల పోతాది, ఒగసారి నడుం పోతాది," అంది చైత్ర నెమ్మదిగా. "ప్రతిసారీ ఒకేచోట తెగతా ఉండాదంటే ఎవురో కోస్తా ఉండారు."

"ఎవురు?"

"మనమే. ఆపు నొక్కేసి."

కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. పంపే ప్రోగ్రాములో మాట వడకట్టుకుంటూ మెట్టు మెట్టుగా ముందుకు పోతుంది. వెనక నుంచి ఏదో ఒకటి వచ్చి తోస్తేనే ముందున్నది బయటపడుతుంది. చివరి అక్షరాలను తోసేవాళ్లు లేరు. అవి గుమ్మం దగ్గర నిలబడి ఉండగానే ఆపు నొక్కితే అక్కడే చచ్చిపోతాయి, ముడితో సహా. మునేష్ వాళ్లకు వెనక వచ్చే మాట ముందు మాటను తోసింది. నయనకు తోసేది ఏదీ లేదు. ఆమె రూలు ప్రకారం తలుపు మూసేసింది.

"అయితే ఏం చెయ్యాల? మళ్లీ మళ్లీ పంపాల్నా?"

"వద్దు. మాట అయిపోయినంక కొంచేపు ఉత్త సున్నాలు పంపాల. మౌనం. అది తోస్తాది."

"ఎంతసేపు?"

చైత్ర వేళ్లు మీటల మీద ఆగాయి. "లైను మూల తిరిగేదాకా," అంది.

"ఏ లైను?"

ఆమె ప్యాకెట్ వెనక సున్నాల వరస చేర్చింది. రెప్పపాటు కాలం, అంతకన్నా ఎక్కువ కాదు. తనిఖీని మళ్లీ మొదటిలాగే పెట్టింది. ఉమేశ్ పంపాడు.

చాంపియన్ రీఫ్స్.

మళ్లీ. చాంపియన్ రీఫ్స్. ఉమేశ్ బల్ల మీద తప్పెట వాయించాడు, రేడియోకు దండం పెట్టాడు, చైత్ర సంచిలోని జంతికలన్నీ తినేశాడు. తిన్నాక చేతులు దులుపుకుని పెద్దమనిషిలా అన్నాడు:

"రేపు చూపిస్తాం, మార్కులు తీసుకుంటాం, పోతాం. సార్ రూలు తప్పని మాత్రం నోరు తెరవద్దు. సగం మార్కులు ఆయన చేతిలోనే ఉండాయి."

"మనకి మార్కులు. నయనక్కకి?"

"ఆయక్క కథ రెండేళ్ల కిందే అయిపోయింది."

"అయిపోలేదు. టేపు ఇంగా ఉండాది కదా."

"నీతో పెట్టుకుంటే నా ఎద్దూ పోతాది, బండీ పోతాది," అన్నాడు ఉమేశ్. కానీ తాళం వేసేటప్పుడు మళ్లీ తనే అడిగాడు: "రేపు ఏం మాట పంపుదాం?"

శుక్రవారం వచ్చిన ఎగ్జామినర్ తక్కువ మాటల మనిషి. చెన్నరాయప్ప సార్ ఆయన పక్కనే నడుస్తూ, రెండు రేడియోలనూ తన ఇంటి దూడల్లా చూపించాడు. "కాలిపోయిందని పక్కన పెట్టిన పెట్టె సార్ ఇది. దీంతోనే చేయండని నేనే పట్టుబట్టినాను."

ఉమేశ్ చైత్ర వైపు చూశాడు. ఆమె ఒకడుగు ముందుకు వచ్చింది.

"సార్, రెండు సార్లు పంపుతాము. మొదట గోడ మీద రాసుండే రూలు ప్రకారం."

టైపు చేసింది, పంపింది, వెంటనే ఆపింది. తనిఖీ తీసేసిన తెర మీద పడిన అక్షరాలు: మాస్తి నయ.

"ఇప్పుడు చివర్లో కొంచెం మౌనం చేర్చి."

మాస్తి నయన.

ఎగ్జామినర్ అద్దాలు సర్దుకున్నాడు. "ఎందుకు తెగింది?" అని అడిగాడు. ఆమె బొమ్మ గీసి చెప్పింది. ఆయన ఇంకోసారి తనే టైపు చేసి, తనే పంపి, తనే ఆపి చూశాడు. తెగింది. సున్నాలు చేర్చి చూశాడు. చేరింది. తర్వాత అడిగాడు: "మాస్తి నయన ఎవరమ్మా?"

"ఆ టేపు మీద పేరుండే ఆమె సార్. రెండేళ్ల కింద ఆమె కూడా చెప్పినట్టే పంపి, చెప్పినట్టే ఆపేసింది. ప్యాకెట్ రాలేదు. రేడియో కాల్చిందన్నారు. ఇది అప్పుడూ కాలలేదు సార్, ఇప్పుడూ కాలలేదు."

చెన్నరాయప్ప సార్ ముఖం ఎర్రబడింది. అరుస్తాడని ఉమేశ్ కుర్చీ వెనక్కి జరిగాడు. ఆయన అరవలేదు. గోడ మీది అట్ట వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు.

"నాకు మా సార్ చెప్పిందే నేను రాసినాను," అన్నాడు ఎవరితోనో. "మెషీన్ కాలిపోతాదనే భయం. ఎప్పుడూ భయమే. ఇంగొకటి కొనిచ్చేవాళ్లు యాడుండారు?"

ఎగ్జామినర్ కాగితం మీద ఏదో రాసుకుని, తర్వాతి జట్టు దగ్గరికి కదిలాడు. చెన్నరాయప్ప సార్ వెనకబడ్డాడు. గోటితో టేపు అంచు గీకడం మొదలుపెట్టాడు. రెండేళ్ల టేపు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. పేరు ఉన్న ముక్క ఆయన వేలికి అంటుకుని విదిలించినా పోలేదు.

"ఆ పిల్ల నంబరుందా?" అని అడిగాడు చైత్రను.

రాసిచ్చింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఫోను మాత్రం బయటికి తియ్యలేదు.

చైత్ర మెట్ల కిందికి పోయి తనే ఫోను చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది, తెగిన మాట, చేరిన మాట, ఊడిన టేపు. అవతల నుంచి ఒక్క అక్షరం రాలేదు. లైను తెగిందేమోనని చూసింది. తెగలేదు. సెకన్ల అంకెలు నడుస్తూనే ఉన్నాయి. ఇబ్బందిగా అనిపించి, ఉంటానక్కా అని పెట్టేద్దామనుకుంది. వేలు ఎర్ర గుర్తు దాకా పోయింది.

పోయి, ఆగింది. ఆమె మెట్టు మీద కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని, ఊరకే ఉంది. అవతల ఎక్కడో పాల క్యాన్ల చప్పుడు. ఎవరో ఎవర్నో పిలిచారు. ఒక బండి పోయింది.

చాలాసేపటికి నయన గొంతు వచ్చింది.

"నేను తగిలించలేదు."

"లేదక్కా."

"తగిలించలేదు మే నేను!"

చైత్రకు ఆ ఏడు డిగ్రీ వచ్చింది. నరసమ్మ దాన్ని పటం కట్టించి, సుబ్బరాయప్ప ఫోటో పక్కన తగిలించింది. ల్యాబ్ గోడ మీద అట్ట మారింది. కొత్త రూలు చివర 'మౌనం చేర్చి, తర్వాత ఆపవలెను' అని ఉంది. ఆ రూలు ఎలా వచ్చిందో అట్ట మీద లేదు. నయన మళ్లీ పరీక్షలు రాస్తానని పెట్టుకున్న అర్జీ ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి ఇంకా నడుస్తోంది. రెండో రేడియో నెత్తిన జిగురు మచ్చ స్పిరిట్‌తో తుడిచినా పోలేదు. కొత్త పిల్లలు అదేమిటో తెలియక దాని మీద టీ గ్లాసు పెడుతుంటారు.

ఈ కథ చదివిన మీరు చైత్రను మరిచిపోయినా ఫరవాలేదు, ఆమె దారి ఆమెకు దొరికింది. మాస్తి నయనను మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆపమన్నప్పుడు ఆపిన పిల్ల. ఎవరైనా ఆ పేరుతో పాటు రేడియో మాట ఎత్తితే, అది కాలలేదని చెప్పండి.